చెయ్యి కడుక్కొస్తానుండు

"ఫొటోవా బావూ?
ఉండు, చెయ్యి కడుక్కొస్తాను."

కుళాయి దగ్గర చాలాసేపు తోమింది.
కాశీబుగ్గ జీడిపిక్కల నూనె
పదకొండేళ్లుగా వేళ్లలోకి దిగిన నలుపు
ఆసుపత్రి సబ్బుబిళ్లకి పోతుందా.
చెంగుకి తుడుచుకుని, గాజులు సర్దుకుని
స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది
కొర్ల మోహినమ్మ.

నేను మొహం తీయలేదు. నియమం తెలుసు.
కిటికీ వెలుతుర్లో అరచెయ్యి ఒకటి,
తిప్పించి వెనకవైపు ఒకటి.
"ఇదెక్కడికెల్తాది?"
"పెద్ద డాక్టరుగారికి."
అబద్ధం కాదు.
ఆ గ్రూపులో పెద్ద డాక్టరుగారు కూడా ఉన్నారు.

ఫోన్ని తిట్టను, అంత విశ్వాసం లేనివాణ్ణి కాను.
శ్రీకాకుళం బస్సులో వస్తూ మా సారు
రణస్థలం దగ్గర హారన్ల మోతలో చెప్పిన
కిడ్నీ పాఠాలు విని పాసైన తరం మాది.
మొన్న వానల్లో, సీతంపేట కొండ మీద
సిగ్నలు కోసం నీళ్లట్యాంకు మెట్లెక్కి
సవర దమయంతి సిస్టరు పంపిన కాలు,
రెండు గాట్లు, వాపు చుట్టూ పెన్నుతో గీత,
గీత పక్కన టైము,
రాత్రి ఒంటిగంటా పదికి ఈ వార్డులో వెలిగింది.
నేను చెబుతూ పోయాను, వాన చప్పుడులో ఆవిడ చేస్తూ పోయింది.
తెల్లారాక బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి వచ్చింది.
బతికాడు అని దాన్ని చదువుకోవాలి.

ఇది అలాంటిది కాదు.
రాత్రి తొమ్మిదికి, తిన్నాక, తోచక పెట్టాను.
కింద రాశాను: స్పాట్ డయాగ్నసిస్?
రెండొందల పద్నాలుగు మంది.
కాంటాక్ట్ డెర్మటైటిస్.
ఆర్సెనిక్ ఏమో, ఏ ఊరి నీళ్లో అడగండి.
ఎవరో చప్పట్లు.
ఎవడో "తారు రోడ్డా బాసూ" అన్నాడు, వెనకే
కళ్లనీళ్లొచ్చేలా నవ్వే పసుపు మొహాలు, వరసగా.
నేనూ నవ్వాను.

విడిగా ఒకటొచ్చింది.
ఇప్పిలి సుభాషిణి, సెకండియర్.
"సార్, జవాబు రాయను. ఆ చెయ్యి నాకు తెలుసు.
బొటనవేలి కింద తేలు పచ్చబొట్టు.
మా అమ్మ పక్క పీట మీదే పిక్కలు కొడతారు.
మా అమ్మ చెయ్యీ అలాగే ఉంటుంది.
నవ్విన వాళ్లలో ఇద్దరు నా రూమ్మేట్లు సార్."

చేతికి కూడా మొహం ఉంటుందని
ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

తీసేశాను.
ఈ సందేశం తొలగించబడింది అంటూ
ఉన్నచోట బూడిదరంగు మాట ఒకటి మిగిలింది.
ఎన్ని ఫోన్లలో, ఎవరి పెళ్లిఫొటోలకీ
ఎవరి పరీక్ష నోట్సుకీ మధ్య
ఆ చెయ్యి ఇంకా పడుకుని ఉందో.

మంగళవారం కట్టు మార్చుకోడానికి వచ్చింది.
చెప్పేశాను. ఒక్క డాక్టరుకి కాదమ్మా,
రెండొందల పద్నాలుగు మందికి.
వేళ్లు విప్పి, మూసి, చూసుకుంది.
"అంతమంది సూసినారేటి."
కాసేపాగి,
"మరి ఒక్కడైనా మందు సెప్పినాడా?"

రోగం పేరు అడిగాను. మందు అడగాలని తోచలేదు.
ఆ మాట పైకి అనలేదు.
చీటీ మీద రాశాను, పదిహేను రోజులు పిక్కలు ముట్టుకోవద్దు.
"పదేను రోజులా," అని నవ్వింది,
"కూలి ఎవులిత్తారు, నువ్వా?"
చీటీ నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

ఆమె మెట్లు దిగుతుండగా
సొరుగులో ఫోను వణికింది.
సీతంపేట నుంచి ఫొటో. ఇంకా మసకగా, సగమే దిగింది,
ఎవరిదో చెయ్యో కాలో.

పూర్తిగా తెరిచేలోగా
ఎందుకో లేచి
కుళాయి దగ్గరకెళ్లి
చేతులు కడుక్కున్నాను.